కింది నుంచి వచ్చే వెలుతురు

శ్రావణమాసం, పొద్దున ఏడు దాటింది. తెనాలి దగ్గర తుమ్మపూడి పొలాల్లో అట్ట ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు మీరు. దమ్ము చేసిన మడిలో నాట్లు సాగుతున్నాయి. ఎదురుగా ఒకామె నడుం వంచి, ఎడమచేత నారుకట్ట పట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతోంది.

"గొడుగు తెచ్చుకోలేదా బాబూ?" అంటుంది తలెత్తకుండానే. సరైన మాటే. కాగితం మీద ఎండ పడితే రంగులన్నీ ముదురుగా కలిపేస్తారు. ఇంటికెళ్లి చూస్తే బొమ్మ చీకటిగా ఉంటుంది. పక్కకు తిరిగి, మీ నీడలోకే అట్ట తెచ్చుకోండి.

ఆమె తలగుడ్డ మీద ఎండ తెల్లగా మండుతోంది. మొహం నీడలో ఉంది కదా అని చెయ్యి అలవాటుగా నల్లరంగు వైపు పోతుంది. ఆగండి. కళ్లు సగం మూసి చూడండి. వంగిన మొహమంతా మడివైపే ఉంది. నీళ్లలో పడ్డ ఆకాశం దవడ మీదికి లేత నీలంగా లేస్తోంది, నారు పచ్చదనం మోచేతి అడుగున పాకుతోంది. బర్న్ట్ సియెన్నాలో కాస్త అల్ట్రామరీన్ చాలు. తడి ఆరకముందే ఒక్క పచ్చచుక్క తాకించి వదిలేయండి. మళ్లీ కుంచె పెడితే బురదే.

ఆమె మీకోసం ఆగదు. నడుం వంపు గీసుకోండి. వరసలో అందరిదీ అదే వంపు, మిగతాది పక్కామె నుంచి తీసుకోవచ్చు.

రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ (1914–1999) ఊరిది. హిమాలయాల్లో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబం దగ్గర గడిపిన ఆయన, తిరిగొచ్చి ఈ చదును నేల మీదే ఉన్నారు. డెల్టాలో గీయడానికేముంది అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇక్కడ నేల కూడా వెలుగుతుంది.

బాపట్ల సూర్యలంకలో నీళ్లకు బదులు ఇసుక. పొద్దున సముద్రం మీది ఎండకు అడ్డంగా వల లాగుతున్న మనిషి ముదురుగా కనిపిస్తాడు, కానీ అతని గడ్డం కింద ఇసుక కాంతి వెచ్చగా ఉంటుంది. అక్కడ నీలం వద్దు, ఎల్లో ఓకర్ కలపండి.

రేపల్లె అవతల పెనుమూడి రేవులో సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక. పడవలో నిలబడ్డ మనిషి ఒళ్లంతా నారింజ, వెనక కృష్ణానది నీలం. నీడలు ముందే గీసుకోండి, తర్వాత అవి జరిగినా దిద్దకండి.