అలసిన కరుణ

2021 మే నెల. కరోనా రెండవ ఉప్పెన మా బాన్సువాడ ప్రాంతాన్ని చుట్టుముట్టిన రోజులు. మా అక్క పక్క పల్లెలో ఆశా కార్యకర్త. ఇంటింటి జ్వరం సర్వే ముగించుకొని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. తాను కాన్పుకు వెంట వెళ్ళి, పుట్టగానే ఎత్తుకొన్న బిడ్డ ఆ ఉదయం చనిపోయిందని చెప్పింది. చెబుతూనే అన్నం కలుపుకొని తిన్నది. చేయి కడుక్కొన్నాక అన్నది: “తమ్మీ, నాకు ఏడ్పు రాలే. ఆ ఇంటికి పోబుద్ధి గూడ కాలే. నా గుండె బండైందా ఏంది?”

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. కరుణరసానికి శోకం స్థాయీభావమని తరగతిలో ఏటా చెబుతాను. ఆనాడు నా అలంకారశాస్త్రం ఆమెకు జవాబు చెప్పలేకపోయింది. నాటకశాలలో ప్రేక్షకుని శోకానికి ఒక తెర ఉంది. అది పడగానే అతడు ఇంటికి పోతాడు. రోజూ పరుల దుఃఖం మధ్య పనిచేసే మనిషికి తెర ఎప్పుడు పడుతుంది?

ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1974లో న్యూయార్కు ఉచిత వైద్యశాలలో పనిచేసిన ఫ్రాయిడెన్‌బర్గర్, ఆదర్శంతో వచ్చిన కార్యకర్తలే ముందుగా కాలిపోతున్నారని గమనించి, దానికి ‘బర్నౌట్’ అని పేరు పెట్టాడు. 1992లో జాయిన్సన్ అత్యవసర విభాగపు నర్సులను గురించి వ్రాస్తూ ‘కంపాషన్ ఫెటీగ్’ అన్నది. 1995లో ఫిగ్లీ ఆ భావాన్ని విస్తరించాడు. మనం దీన్ని కరుణ అలసిపోవడం అందాం. మొదటిది పనిభారం వల్ల క్రమంగా వచ్చేది. రెండవది పరుల గాయాన్ని చూసి చూసి తనకూ గాయమైనప్పుడు వచ్చేది. తరచు రెండూ కలిసే ఉంటాయి.

గుర్తులు కష్టమైనవి కావు. నిద్ర పట్టదు, పడితే రోగి ముఖమే కలలోకి వస్తుంది. చిన్న ప్రశ్నకు విసుగు. ఒకప్పుడు పేరుతో పిలిచిన మనిషి ‘కేసు’ అయిపోతాడు. కొన్ని గుమ్మాలు తప్పించుకొని పోవాలనిపిస్తుంది. అన్నింటికన్నా క్రూరమైనది, ‘నేను చెడ్డదాన్ని’ అనే అపరాధభావం.

ఈ అపరాధభావం ఎక్కడినుండి వచ్చింది? శ్రమను శ్రమ అనకుండా ‘సేవ’ అన్న చోటినుండి వచ్చింది. మా పాత జిల్లా నిజామాబాదులోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలిసింది. దాత రాజా నర్సాగౌడ్ పేరూ, స్కాట్లండు వైద్యురాలు ఇజబెల్ కెర్ పేరూ మనకు తెలుసు. ఆ గౌరవం న్యాయమే. కాని ప్రతి దినం పుండ్లు కడిగి కట్టుకట్టిన చేతుల పేర్లు అంత సులభంగా దొరకవు. 1946 నాటి భోర్ కమిటీ లెక్కలో బ్రిటిషిండియాలో 43,000 మందికి ఒక్క నర్సు! అంతటి కొరతను ‘త్యాగం’తో పూడ్చమన్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం యంత్రం ముందున్న కార్మికునికి వారానికి 48 గంటల హద్దు గీసింది. అది పోరాటఫలం. రోగి మంచం ముందున్న స్త్రీ కరుణకు అటువంటి హద్దు ఎవరు గీశారు?

2005లో జాతీయ గ్రామీణారోగ్య పథకం ఆశా కార్యకర్తను సృష్టించింది. వెయ్యి జనాభాకు ఒకరు. పేరు స్వచ్ఛంద కార్యకర్త. ఇచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. ఇటువంటి పథకాలలో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభే సిఫారసు చేసింది. అయినా కరోనా కాలంలో వారికి దక్కినవి కేంద్రం నెలకు కలిపిన వెయ్యి రూపాయలు, దండిగా చప్పట్లు. దేవత అన్నవాణ్ణి జీతం అడగడం కష్టం. దేవతకు అలసట వచ్చిందని ఒప్పుకోవడం ఇంకా కష్టం.

కోలుకోవడానికి ధ్యానం చేయండి, నడకకు పోండి అని కొందరు ఉపదేశిస్తారు. వాటిని నేను తోసిపుచ్చను. నిద్ర, తిండి, వారానికొక సెలవు, మనసు విప్పి చెప్పుకొనే తోటిమనిషి అత్యవసరమే. రాత్రులు మరీ బరువైతే 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. వైద్యుని వద్దకు పోవడానికి సిగ్గుపడనక్కరలేదు. కాని ఇద్దరి పని ఒకరిచేత చేయించి, ఆ ఒకరిని ప్రశాంతంగా ఉండమనడం మోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నౌట్‌ను రోగంగా కాక వృత్తిసంబంధమైన పరిణామంగానే వర్గీకరించింది. పనిలో పుట్టినదానికి పనిలోనే మందు వెదకాలి: చాలినంత సిబ్బంది, నిర్ణీతమైన పనిగంటలు, జీతంతో కూడిన సెలవు, మరణం చూసిన రోజున కూర్చుని మాట్లాడుకొనే వ్యవధి.

2023 సెప్టెంబరులో తెలంగాణ ఆశా కార్యకర్తలు సమ్మెకు దిగారు. మా అక్కా శిబిరంలో కూర్చున్నది. ఒక మధ్యాహ్నం పక్క ఊరి కార్యకర్త తాను చూసిన చావును గురించి చెబుతుంటే, రెండేళ్ళ కిందటి ఆ బిడ్డ కోసం అక్క మొదటిసారి ఏడ్చిందట. శిబిరం చికిత్సాలయమని నేననను. ఆమెకు ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర ఉండదు. కాని తన గుండె బండ కాలేదని ఆమెకు తెలిసింది తనవంటి వారి మధ్యనే.

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులారా! మనమూ త్యాగమూర్తులంటూ ఎన్నో వ్యాసాలు వ్రాశాం. ఇకమీద నర్సును గురించి, ఆశా కార్యకర్తను గురించి వ్రాసేటప్పుడు ముందు ఆమె ఎన్ని గంటలు పనిచేస్తుందో అడుగుదాం. కరుణ తరగని ఊట కాదు. అది మనిషి శ్రమ. శ్రమకు విశ్రాంతి హక్కు.