లాయర్ లేని ముద్దాయి

1961 ఆగస్టు 4. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పనామా సిటీ. సముద్రపు ఒడ్డు ఊరు. చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క.

"విచారణకి సిద్ధమేనా?" జడ్జి రాబర్ట్ మెక్రారీ అడిగాడు.

"సిద్ధంగా లేనండీ."

"ఏం?"

"నాకు లాయర్ లేడు."

బోనులో ఉన్నది క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. యాభై ఏళ్లు. నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ మొహం. అంతకుముందే నాలుగుసార్లు జైలు చూసొచ్చినవాడు. లాయర్‌ని పెట్టుకోవడానికి చేతిలో పైసా లేదు. కోర్టే ఒకర్ని ఇప్పించాలన్నాడు.

కుదరదన్నాడు జడ్జి. ఫ్లోరిడా చట్టం ప్రకారం మరణశిక్ష పడే కేసుల్లోనే ఆ వీలుందన్నాడు. గిడియన్ తగ్గలేదు. నాకు లాయర్ ఉండాలని సుప్రీంకోర్టే చెప్పిందన్నాడు. నిజానికి సుప్రీంకోర్టు ఆ మాట చెప్పలేదు. అప్పటికింకా చెప్పలేదు.

కేసు చూస్తే చిన్నదే. జూన్ 3 తెల్లవారుజామున బే హార్బర్ పూల్‌రూమ్ కిటికీ పగిలింది. సిగరెట్ల మెషీన్‌లో, పాటల పెట్టెలో ఉన్న చిల్లర పోయింది. పొద్దున్నే గిడియన్ లోపల ఉండగా చూశానని, చేతిలో వైన్ సీసాతో బయటికొచ్చి ఫోన్ చేసి ట్యాక్సీ ఎక్కాడని ఒక కుర్రాడు సాక్ష్యం చెప్పాడు. గిడియన్‌ని పట్టుకునేసరికి అతని జేబుల నిండా చిల్లర గలగలలాడుతోంది.

తన కేసు తనే వాదించుకున్నాడు గిడియన్. నీ మీద ఎప్పుడైనా నేరం రుజువైందా అని ఆ సాక్షిని నిలదీశాడు. లేదన్నాడు సాక్షి. అడగాల్సిన ప్రశ్న గిడియన్‌కి తట్టింది. ఆ జవాబు అబద్ధమైతే అబద్ధమని చూపించే కాగితం మాత్రం అతని దగ్గర లేదు. ఆరుగురు జ్యూరీ సభ్యులు దోషి అని తేల్చారు. ఐదేళ్లు. ఇక అంతా అయిపోయిందనే అనుకున్నారు అందరూ, ఒక్క గిడియన్ తప్ప.

రైఫోర్డ్ జైలు. గీతల కాగితం. పైన జైలు ఉత్తరాల నిబంధనలు అచ్చేసి ఉన్నాయి. కింద పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు, తప్పుల తడక ఇంగ్లీషు. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి, జైల్లో దొరికిన పుస్తకాల్లోంచి ఏరుకున్న మాటలతో, లాయర్ లేకుండా నన్ను శిక్షించడం రాజ్యాంగానికే విరుద్ధమని దేశంలోకెల్లా పెద్ద కోర్టుకి అర్జీ పెట్టాడు. 1962 జనవరి 8న ఆ కవరు వాషింగ్టన్ చేరింది. అలాంటి ఖైదీల కవర్లు అక్కడికి కుప్పలుగా వస్తుంటాయి. ఇది మాత్రం కుప్పలో కలిసిపోలేదు.

సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది. గిడియన్ తరఫున వాదించడానికి ఏబ్ ఫోర్టస్‌ని పెట్టింది. వాషింగ్టన్‌లో పెద్ద పెద్ద కంపెనీలు గుమ్మం ముందు నిలబడే లాయర్ ఆయన. ఈ కేసుకి ఫీజు సున్నా. ఎదురుగా ఉన్నది మాత్రం 1942 నాటి తీర్పు. బెట్స్ కేసు. ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప పేద ముద్దాయికి రాష్ట్రాలు లాయర్‌నివ్వక్కర్లేదని ఆ తీర్పు చెప్పింది. దాన్ని పడగొట్టాలి.

ఫ్లోరిడా తరఫున కుర్ర లాయర్ బ్రూస్ జేకబ్. మాకు మద్దతివ్వండంటూ మిగతా రాష్ట్రాలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. జవాబులొచ్చాయి. ఫ్లోరిడా పక్కన నిలిచినవి రెండే రాష్ట్రాలు. మిన్నెసోటా అటార్నీ జనరల్ వాల్టర్ మాండేల్ చొరవతో 20కి పైగా రాష్ట్రాలు గిడియన్ వైపు తిరిగాయి. జేకబ్ రాసిన ఉత్తరం జేకబ్‌కే ఎదురుతిరిగింది.

1963 జనవరి 15. తొమ్మిదిమంది జడ్జీలు. ఫోర్టస్ లేచాడు. క్లారెన్స్ డారో పేరెత్తాడు. క్రిమినల్ కేసుల్లో అమెరికా చూసిన మహా ఘనుడు డారో. అంతటివాడూ తనే ముద్దాయి అయినప్పుడు మొదట చేసిన పని, ఒక లాయర్‌ని పెట్టుకోవడం! మరి గిడియన్ సంగతేంటి?

మార్చి 18న తీర్పొచ్చింది. రాసింది జస్టిస్ హ్యూగో బ్లాక్. 1942లో బెట్స్ తీర్పుతో విభేదించిన జడ్జి ఆయనే. ఇరవై ఏళ్లు ఓపికపట్టాడు. ఈసారి తొమ్మిదికి తొమ్మిదీ ఒకటే మాట: డబ్బులేని ముద్దాయికి ప్రభుత్వమే లాయర్‌నివ్వాలి. అయినా గిడియన్ బయటికి రాలేదు. శిక్ష కొట్టేశారంతే. అదే ఊళ్లో, అదే జడ్జి ముందు, మళ్లీ విచారణ.

ఈసారి పక్కన లాయరున్నాడు. స్థానికుడు, డబ్ల్యూ. ఫ్రెడ్ టర్నర్. గిడియన్ కోరుకున్న మనిషి. అతనేమీ కొత్త చట్టం తవ్వలేదు. ఊరంతా తిరిగాడు. మూడు రోజులు ఈ కేసు మీదే ఉన్నాడు. ఆ సాక్షి సంగతులు రాబట్టడానికి అతని తల్లితో కలిసి పేర్ పళ్లు కూడా కోశాడు.

1963 ఆగస్టు 5. మొదటి విచారణకి రెండేళ్ల మీద ఒక్కరోజు. మళ్లీ అదే ఉక్క. మళ్లీ అదే సాక్షి.

రెండేళ్ల కిందట గిడియన్ అడిగిన ప్రశ్ననే టర్నర్ అడిగాడు. ఈసారి సాక్షి, ఒక కారు దొంగతనం కేసులో నేరం ఒప్పుకున్న సంగతి చెప్పక తప్పలేదు. ఆ తెల్లవారుజామున నువ్వక్కడ ఏం చేస్తున్నావ్? నేస్తాలతో డాన్సుకెళ్లి వస్తున్నా. లోపల నీ నేస్తాలుంటే నువ్వు బయట కాపలా కాశావు కదూ? కాదన్నాడు సాక్షి. కాదన్నా జ్యూరీ చెవిలో అనుమానం పడనే పడింది.

తర్వాత ట్యాక్సీ డ్రైవర్. నన్ను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పకు అన్నాడు గిడియన్, అని చెప్పాడు. హాలు బిగుసుకుంది. ఈ ఒక్క మాట చాలు, మళ్లీ ఐదేళ్లు.

టర్నర్ లేచాడు. అంతకుముందెప్పుడైనా నీతో ఆ మాట అన్నాడా?

అన్నాడు.

ఎందుకలా?

పెళ్లాంతో గొడవలున్నాయి కాబట్టి.

అంతే. దొంగ మాట కాస్తా సంసారి మాటయిపోయింది.

జ్యూరీ లోపలికెళ్లింది. గంట దాటింది. తలుపు తెరుచుకుంది.

నిర్దోషి.

ఫ్లోరిడా ఆ ఏడాదే పేదల కోసం ప్రభుత్వ లాయర్ల వ్యవస్థ పెట్టింది. లాయర్ లేకుండా శిక్షపడ్డవాళ్లు ఒక్క ఆ రాష్ట్రంలోనే సుమారు 2,000 మంది విడుదలయ్యారు. 1978లో మన సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, హొస్కట్ కేసులో పేద ఖైదీకి ఉచిత న్యాయసహాయం హక్కని చెబుతూ గిడియన్‌ని తలుచుకున్నారు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం కోర్టు మెట్ల మీద గిడియన్ ఖాళీ జేబులతో నిలబడ్డాడు. జేబులో చిల్లర ఉన్నందుకు జైలుకెళ్లిన మనిషి, ఇప్పుడు కొన్ని డాలర్లు ఎవరైనా సర్దుతారా అని అడుగుతున్నాడు. రాత్రికి ఒకచోటికి పోయి రావాలి.

బే హార్బర్ పూల్‌రూమ్‌కి.