మామూలు ఆందోళన, ఆందోళన జబ్బు, పానిక్: తేడా తెలుసుకుందాం

మన సంఘం ఆఫీసుకు సభ్యులు రకరకాల పనుల మీద వస్తుంటారు. తెలుగు మీడియం బడి గురించి, సర్టిఫికెట్ల గురించి, పెళ్లి సంబంధాల గురించి అడుగుతారు. ఈ మధ్య మాత్రం పనంతా అయ్యాక, లేచి వెళ్లేముందు, గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతున్నారు. "గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు. పరీక్షలన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. మరి ఈ బాధేమిటి?"

మేము డాక్టర్లం కాము. తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇళ్లలో దాచుకుని చూసుకునేందుకు వీలుగా ఇక్కడ రాస్తున్నాం.

"ఏమీ లేదు" అన్న మాట చేసిన నష్టం

రెండేళ్ల కిందట ఉగాది నాడు మన హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతోంది. నలభై దాటిన ఒక సోదరి ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కూలబడింది. ఒళ్లంతా చెమట, చేతులు తిమ్మిరి. "నేను చచ్చిపోతున్నా, పిల్లల్ని పిలవండి" అంది. గుండెపోటే అనుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. "ఏమీ లేదు, ఊరికే గాబరాపడ్డారు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు.

ఇంట్లోవాళ్లు దాన్ని "ఏమీ లేకుండానే ఇంత చేసింది" అని అర్థం చేసుకున్నారు. ఆ తర్వాత అదే బాధ మూడుసార్లు వచ్చింది. ఆమె బజారుకు వెళ్లడం మానేసింది, బస్సు ఎక్కడం మానేసింది, మన సమావేశాలకు రావడం మానేసింది. ఏడాది గడిచాక ఒక మానసిక వైద్యుడు దానికి పేరు చెప్పాడు: పానిక్ డిజార్డర్. వైద్యం మొదలైన కొన్ని నెలలకే ఆమె మళ్లీ ఒంటరిగా కూరగాయల మార్కెట్‌కు వెళ్లసాగింది. పేరు చెప్పకుండా రాయమని ఆమే మాకు అనుమతి ఇచ్చింది.

గుండెలో ఏమీ లేదన్నది నిజమే. జబ్బే లేదన్నది మాత్రం నిజం కాదు. ఈ తేడా తెలియకనే ఆమెకు ఒక ఏడాది పోయింది.

మామూలు ఆందోళన అంటే

పిల్లల పరీక్షా ఫలితాలు, ఆపరేషన్, అప్పు వాయిదా, కూతురి పెళ్లి... వీటికి ఆందోళన పడని మనిషి ఉండడు. ఆ సమయంలో నిద్ర తగ్గుతుంది, ఆకలి మందగిస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆపద వస్తే పరుగెత్తడానికో, ఎదిరించడానికో శరీరం చేసుకునే సన్నాహం ఇది. అడ్రినలిన్ అనే హార్మోను దీన్ని నడిపిస్తుంది. కారణం తీరగానే ఆందోళన కూడా తగ్గిపోతుంది. దీనికి మందులు అక్కర్లేదు.

జబ్బుగా మారిందని ఎలా గుర్తించాలి

మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. భయం కారణానికి తగినంతే ఉందా? కొడుకు పావుగంట ఆలస్యమైతే ఎదురుచూడటం మామూలు. ప్రతిరోజూ ప్రమాదమే జరిగిందని వణికిపోవడం మామూలు కాదు.

2. కారణం తీరాక భయం కూడా పోయిందా? ఒకటి తీరగానే ఇంకోదాన్ని పట్టుకుని నెలల తరబడి సాగుతుంటే ఆలోచించాలి.

3. భయం వల్ల పనులు ఆగిపోతున్నాయా? ఉద్యోగం, చదువు, వంట, ప్రయాణం, పేరంటం... వీటిలో ఏదైనా మానేశారా?

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. భయం ఎంత పెద్దదన్నది కాక, అది మన జీవితంలో ఎంత భాగాన్ని లాక్కుందన్నది చూడాలి.

ఆందోళన జబ్బుల్లో ముఖ్యమైనవి

నిత్య ఆందోళన: డాక్టర్లు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. ఆరు నెలలుగా ఎక్కువ రోజులు ఏదో ఒక బెంగ, దాన్ని ఆపుకోలేకపోవడం దీని లక్షణాలు. వీటితోపాటు అలసట, చిరాకు, మెడ, భుజాలు బిగుసుకోవడం, మనసు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. మన ఇళ్లలో "ఆమెది బెంగ పెట్టుకునే స్వభావంలే" అని సరిపెట్టుకునేది చాలాసార్లు ఇదే.

పానిక్ డిజార్డర్: పానిక్ అటాక్‌లు హెచ్చరిక లేకుండా మళ్లీ మళ్లీ రావడం, మళ్లీ వస్తుందేమోనన్న భయం నెలకు పైగా వెంటాడటం, ఆ భయంతో కొన్ని చోట్లకు వెళ్లడం మానేయడం.

నలుగురిలో భయం: మాట్లాడితే నవ్వుతారేమో, తప్పుపడతారేమో అన్న భయంతో సభలకు, పెళ్లిళ్లకు, ఇంటర్వ్యూలకు వెళ్లకపోవడం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే మన పిల్లల్లో దీన్ని వట్టి సిగ్గు అనుకుని వదిలేయకండి.

ప్రత్యేక భయాలు: లిఫ్టు, ఎత్తు, సూది, కుక్క వంటి ఏదో ఒకదాని మీద విపరీతమైన భయం.

పానిక్ అటాక్‌లో ఏం జరుగుతుంది

శరీరంలోని అలారం ఆపద లేకుండానే మోగుతుంది. గుండెదడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, వికారం, కళ్లు తిరగడం, చేతివేళ్లు తిమ్మిరెక్కడం, చచ్చిపోతానేమో, పిచ్చెక్కుతుందేమో అన్న భయం వస్తాయి. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. గబగబా ఊపిరి పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిర్లు, తల తిరగడం చాలావరకు దానివల్లనే. ఆ మనిషి నటించడం లేదు, ఆ బాధ శరీరంలో నిజంగా జరుగుతోంది. అటాక్ దానంతట అది ప్రాణం తీయదు.

ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

ముందు గుండెను చూపించండి

ఇక్కడ పొరపాటు పడొద్దు. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినప్పుడు అది పానిక్ అని ఇంట్లోనే తేల్చుకోకండి. వయసు మళ్లినవారికి, బీపీ, షుగర్ ఉన్నవారికి, పొగతాగేవారికి, నొప్పి చేతికో దవడకో పాకుతున్నవారికి క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ముందు పానిక్ వచ్చినవారికైనా ఈసారి నొప్పి వేరుగా అనిపిస్తే అదే పని చేయండి.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, షుగర్ పడిపోవడం, గుండె లయ తప్పడం కూడా ఇలాంటి బాధే కలిగిస్తాయి. కాఫీ, టీ ఎక్కువగా తాగడం, మద్యం అలవాటున్నవారు హఠాత్తుగా మానేయడం కూడా కారణం కావచ్చు. అందుకే పరీక్షలు వృథా కాదు. అవన్నీ బాగున్నాయని తేలితే అక్కడితో ఆగకుండా, "మరి మానసిక వైద్యుడికి చూపించమంటారా?" అని అడగాలి.

అటాక్ వచ్చినప్పుడు

కూర్చోబెట్టండి. చుట్టూ గుంపు చేరనివ్వకండి. నెమ్మదిగా ముక్కుతో ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా నోటితో వదలమనండి. పక్కన కూర్చుని మీరూ అలాగే చేయండి. "ఇది తగ్గిపోతుంది, నేనిక్కడే ఉన్నా" అంటే చాలు. "ధైర్యం తెచ్చుకో" అని గద్దించకండి. ముఖానికి కాగితం సంచీ అడ్డుపెట్టి ఊపిరి పీల్పించే పాత పద్ధతి వద్దు. నిజంగా గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే అది ప్రమాదం.

వైద్యం ఎలా ఉంటుంది

మాటల వైద్యం ఒకటి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. భయపెట్టే ఆలోచనను పరీక్షించడం, తప్పించుకుంటున్న చోటికి మెట్లు మెట్లుగా వెళ్లడం ఇందులో నేర్పుతారు. మన సోదరి మొదటి వారం వీధి మలుపు దాకా, తర్వాత కిరాణా కొట్టు దాకా, ఆ తర్వాత మార్కెట్ దాకా వెళ్లింది.

రెండోది మందులు. ఎక్కువగా ఎస్.ఎస్.ఆర్.ఐ. రకం ఇస్తారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కాస్త అలజడి పెరగవచ్చు. అందుకని మానేయకుండా డాక్టరుకు చెప్పాలి. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి మత్తుమందులు కావు.

ఆల్‌ప్రజోలామ్ వంటి బిళ్లల సంగతి వేరు. వెంటనే హాయినిస్తాయి, కానీ అలవాటవుతాయి. ఒకరి చీటీతో ఇంకొకరు కొనుక్కోవద్దు. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానవద్దు.

దిష్టి తీయడం, తాయెత్తు, మొక్కు మనసుకు ఊరటనిస్తే ఎవరూ కాదనరు. వాటికోసం వైద్యం మాత్రం ఆపకండి.

మన బాధ వారి భాషలో

ఇది మన కుటుంబాల ప్రత్యేక ఇబ్బంది. బజారు పనికి కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా ధారాళంగా మాట్లాడే పెద్దలు కూడా బాధ చెప్పుకునేటప్పుడు తెలుగులోకే వస్తారు. మాటలు తారుమారవుతాయి కూడా. మనం "దిగులు" అంటే ఎక్కువగా బెంగ, విచారం. కన్నడంలో "దిగిలు" అంటే భయం, హడలు. తమిళంలో "తిగిల్" అన్నా అంతే. చెప్పేది ఒకటి, వినేది ఇంకొకటి అవుతుంది. దడను కన్నడంలో "ఎదె బడిత", తమిళంలో "పడపడప్పు", మరాఠీలో "ధడధడ" అంటే తెలుస్తుంది. మనవళ్లను దుబాసీలుగా తీసుకెళ్తే పెద్దలు అన్నీ చెప్పుకోలేరు. ఈడు కలిసిన బంధువునో, సంఘం మనిషినో వెంట తీసుకెళ్లడం మేలు.

జీవితమంతా గుమాస్తాగిరీ చేసిన మాకు కాగితం మీద నమ్మకం ఎక్కువ. ఒక నోటుబుక్కులో గళ్లు గీసి తేదీ, సమయం, ఎక్కడ ఉండగా వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏమనిపించింది, ఆ రోజు తీసుకున్న మందులు, కాఫీలు రాయండి. రెండు వారాల పట్టీ చూస్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

టెలి మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత ఫోన్ సేవ, 24 గంటలూ ఉంటుంది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులో మాట్లాడాలని అడగవచ్చు. చనిపోవాలన్న మాట ఎవరి నోటైనా వస్తే వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఈ నంబరుకు చేయండి.

జిల్లా ఆసుపత్రులు. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ మన తెలుగువారు ఎక్కువగా ఉన్న బళ్లారి జిల్లాలోనే మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లే ప్రయోగం చేసింది. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి.

పెద్ద ఆసుపత్రులు. బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నై కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, పుణె యెరవాడలో ప్రాంతీయ మానసిక ఆసుపత్రి, బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి, పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉన్నాయి. యానాం వారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర.

చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం పొందడం మన హక్కు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. శరీర జబ్బులతో సమానంగా వీటికీ ఆరోగ్య బీమా వర్తింపజేయాలి. పాలసీ కాగితం తీసి చూసుకోండి.

పెళ్లి సంబంధాలు చెడిపోతాయనే చాలామంది దాస్తున్నారని మాకు తెలుసు. షుగర్ ఉందని చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడిన మనమే ఇప్పుడు విందుల్లో "నాకు తీపి వద్దండీ" అని నోరారా చెబుతున్నాం. దీనికీ ఆ రోజు రావాలి. ఈలోపు, ఎవరికైనా తోడు కావాలంటే సంఘం ఆఫీసుకు రండి. డాక్టరు దగ్గరికి మేము వెంట వస్తాం, విషయం నలుగురిలో పడనివ్వం.