వీలునామా తేల్చినది, తేల్చలేనిది: పిఠాపురం దావా

మా వేంసూరు ప్రాంతంలో ఇంటిపెద్ద కన్నుమూసి, పెద్దకర్మ ముగియగానే మూడు మాటలు వినబడతాయి: ఫౌతి, విరాసత్, వీలునామా. మొదటి రెండూ నిజాం కాలపు రెవెన్యూ దఫ్తరాల నుండి వచ్చిన అరబీ మాటలు. ఒకటి మరణం, రెండవది వారసత్వం. మూడవది మరీ విచిత్రమైనది. ఇంగ్లీషు 'విల్'కు పారసీ 'నామా'ను తగిలించి మనవారు వీలునామా చేసికొన్నారు. పోయేవాడు తన వీలును బట్టి వ్రాసేది గనుక వీలునామా అని ఒక పెద్దాయన నాకు అర్థం చెప్పారు. వ్యుత్పత్తిగా అది నిలవదు గాని, లోకం ఆ పత్రాన్ని ఎట్లా చూస్తున్నదో ఆ మాటలో ఉన్నది.

మూడింటిలో ఒక్కటీ అచ్చ తెలుగు కాదు, సంస్కృతమూ కాదు. మరి తెలుగువారికి ఆస్తి తగాదాలు కొత్తవా? 'దాయాది' అన్న మాట ఒక్కటే చాలు జవాబుగా. దాయం అంటే పిత్రార్జితంలో వాటా. దానిని పుచ్చుకొనేవాడు దాయాది. వాటాదారు అని మాత్రమే అర్థం కావలసిన మాట మన నోట పగవాడికి మారుపేరయింది. తగాదా పాతదే. చనిపోయినవాడి సంతకంతో దానిని తీర్చవచ్చునన్న ఊహ మాత్రం కొత్తది.

ఎందుకు కొత్తదో కొంచెం వివరించాలి. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' పేరిట తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దండి గద్యకావ్యాన్ని దశకుమారచరిత్రముగా తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన కేతనయే ఈయన. మితాక్షర ప్రకారం తాతతండ్రుల ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు కలుగుతుంది. తండ్రి పోయేదాకా అతడు వేచి ఉండనక్కర లేదు. తండ్రి తనది మాత్రమే కాని ఆస్తిని మరణానంతరం ఎవరికో వ్రాసి పోవడమన్న ప్రసక్తి అక్కడ రాదు. అందుకే మద్రాసు ప్రభుత్వం 1829 నాటి 5వ రెగ్యులేషనులో, వీలునామా అనే పత్రం హిందువులు ఎరుగనిదనీ, హిందూ ధర్మశాస్త్రానికి లోబడినంత మేరకే అది చెల్లుతుందనీ ప్రకటించవలసి వచ్చింది.

అయితే 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారులకు సనదులిచ్చింది. ఆ జమీందారీలు అందరి ఆస్తుల వలె అన్నదమ్ములు పంచుకోదగినవా, లేక రాజ్యాల వలె ఒక్కడికే చెందేవా? పందొమ్మిదవ శతాబ్దమంతా తెలుగు జమీందారీ కుటుంబాలు ఈ ప్రశ్నతో కోర్టుల చుట్టూ తిరిగాయి. అమరావతి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించగా, ఆయన దత్తులు జగన్నాథబాబు, రామనాథబాబు పక్షాల వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిల్‌లో తేలేసరికి 1846 వచ్చింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదని తీర్పు. ముప్పై ఏళ్ళ తరువాత గెలిచిన పక్షానికి మిగిలినదేమిటన్నది వేరే కథ.

మా వేంసూరుకు పొరుగున ఉన్న నూజివీడు ఇంకొక ఉదాహరణ. మా ఊరు నిజాం రాజ్యంలోది. దక్షిణాన పొలిమేర దాటి కొంతదూరం పోతే ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా. ఇటువైపు జాగీరుదారు మరణిస్తే వారసుడికి సర్కారు విరాసత్ మంజూరు చేయవలసిందే. అది ప్రభువు దయ. అటువైపు అదే విషయం హక్కుగా, దావాగా మారింది. నూజివీడు మేకావారి అన్నదమ్ముల వ్యాజ్యంలో, 1802లో కంపెనీ కొత్తగా ఇచ్చిన సనదు కింద ఉన్న ఆ జమీందారీ పంచుకోదగినదేనని ప్రీవీ కౌన్సిల్ 1880 ప్రాంతంలో తేల్చింది. ఒకే సంస్థానం ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు మొదలైన భాగాలయింది.

పిఠాపురం కథ దీనికి తలక్రిందులు. నేను వ్రాయదలచినది ముఖ్యంగా దానిని గురించే.

పిఠాపురం రాజు రావు గంగాధర రామారావు గారికి సంతానం లేక, 1873లో వేంకటగిరి వెలుగోటివారి బాలుని దత్తు తెచ్చుకొన్నారు. ఆయన పేరు రామకృష్ణారావు. ఆ రోజులలో వేంకటగిరి రాజకుమారులు అనేక సంస్థానాలకు దత్తు పోయారు. బొబ్బిలికి ఒకరు, మా నిజాం రాజ్యంలోని జటప్రోలుకు ఒకరు, పిఠాపురానికి ఈయన. దత్తు పోవడమంటే కన్న ఇంటి ఆస్తిలో హక్కు వదలుకోవడమని మరువరాదు. పన్నెండేళ్ళు ఈ పిల్లవాడు పిఠాపురం కోటలో కాబోయే రాజుగా పెరిగాడు. 1885లో రాణి మంగాయమ్మ గారికి కుమారుడు కలిగాడన్నారు. ఆ శిశువే సూర్యారావు. 1890లో రాజు మరణించాడు. సంస్థానమంతా సూర్యారావుకు చెందాలని ఆయన వీలునామా వ్రాసి పోయాడు.

దత్తుని పక్షం దావా వేసింది. వారి వాదం రెండు అంచుల కత్తి. ఒకటి: ఆ పిల్లవాడు రాజుకు పుట్టినవాడే కాదు. రెండు: పుట్టినా పుట్టకున్నా, వంశపారంపర్యంగా వచ్చిన సంస్థానాన్ని వీలునామాతో ఇచ్చే అధికారం రాజుకు లేదు. ప్రతివాది ఐదేళ్ళ బాలుడు. అతని తరఫున నిలిచినది కోర్ట్ ఆఫ్ వార్డ్స్.

ఈ దావాను తలచుకొన్నప్పుడల్లా నాకు న్యాయసూత్రాల కన్న ముందు ఆ ఇల్లు కళ్ళకు కడుతుంది. తల్లి పరువు బహిరంగ కోర్టులో విచారణాంశం. గోషాలో ఉండే రాణి ప్రసవం గురించి వకీళ్ళు ప్రశ్నలు కూర్చుకొంటారు. పిల్లవాడు అక్షరాలు దిద్దే వయసులో తాను ఎవరి కొడుకో రుజువు కావలసి ఉన్నదని తెలిసికొంటాడు. ఇటువైపు పెద్దవాడైన దత్తుడు, తనను రాజువని పిలిచి తెచ్చిన ఇంట తాను ఎవరికీ అక్కర లేనివాడైనట్లు చూస్తాడు. ఇందులో దుర్మార్గుడెవరని వెదకితే నాకు కనబడడు. ఇద్దరికీ ఒకే ఇల్లు మాటిచ్చింది.

మద్రాసు హైకోర్టులో ఓడిన దత్తుడు లండనుకు పోయాడు. 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. దాని తర్కం ఇది. పిఠాపురం విభాగం కాని సంస్థానం. కొడుకుకు పుట్టుకతో హక్కు అంటే, పంపకం కోరే హక్కు. పంపకమే లేనిచోట ఆ హక్కు ఎక్కడిది? అటువంటి సంస్థానాధిపతి ఆస్తిని దానం చేయగలడని, నిషేధించే ఆచారం ఉన్నదని రుజువైతే తప్ప అడ్డు లేదని, ఉత్తరాది వ్యాజ్యమొకదానిలో 1888లోనే చెప్పి ఉన్నారు. బ్రతికి ఉండగా ఇవ్వగలిగినవాడు వీలునామాతోనూ ఇవ్వగలడు. కనుక రాజు వ్రాసినది చెల్లుతుంది. అందులో పేర్కొన్నవానికే సంస్థానం.

గమనించండి: తీర్పు పుట్టుక మీద నిలబడలేదు, వ్రాత మీద నిలబడింది. తొమ్మిదేళ్ళు ఊరూవాడా చెప్పుకొన్న ప్రశ్న అవసరం లేకుండానే వ్యాజ్యం ముగిసింది. సూర్యారావుకు అప్పటికి పద్నాలుగేళ్ళు. సంస్థానం దక్కింది. కాని 'నీవు ఆయన కొడుకువే' అని అందరూ వినగా చెప్పే మాట ఆ తీర్పులో అతనికి దొరకలేదు. ఓడినవానికి 'నీకు అన్యాయం జరిగింది' అన్న మాటా దొరకలేదు. కోర్టు ఆస్తిని అప్పగించి చేతులు దులుపుకొన్నది. ఇంటివాళ్ళకు కావలసిన మాట ఇద్దరికీ బాకీ పడిపోయింది.

తీర్పు విని జమీందారులు ఉలిక్కిపడ్డారు. తండ్రి కోపించి కలం పట్టితే వంశం వీధిన పడుతుందన్న భయం. మద్రాసు ప్రభుత్వం 1902లో తాత్కాలికంగాను, 1904లో స్థిరంగాను చట్టం తెచ్చి, విభాగం కాని సంస్థానాలను అధిపతి తన ఇచ్చ వచ్చినట్లు అన్యాక్రాంతం చేయకుండా కట్టడి చేసింది. పిఠాపురం రాజుకు ఉన్నదని లండనులో తేలిన అధికారం ఐదేళ్ళలో ఇతర సంస్థానాధీశులకు లేకుండా పోయింది. పగ మాత్రం పోలేదు. దత్తుని కుమారుడు తనకు మనోవర్తి ఇమ్మని పిఠాపురం రాజు మీద దావా వేశాడు. 1918లో అదీ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడింది. అంటే 1890 నాటి కాగితం మీది తగాదా ఇంకొక తరానికి వారసత్వంగా దిగింది.

ఇక గెలిచినవాని సంగతి. తెలుగు చదువుకొన్న వారికి ఆయన పేరు తెలియకపోవడానికి వీలు లేదు. కాకినాడ కళాశాలలో రఘుపతి వేంకటరత్నం నాయుడు గారిని గురువుగా భావించి అండగా నిలిచిన రాజు ఆయనే. అనాథల కోసం కాకినాడలో శరణాలయం నడిపినవాడు, పానుగంటి లక్ష్మీనరసింహారావు గారికి ఆశ్రయమిచ్చినవాడు ఆయనే. జయంతి రామయ్య పంతులు గారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన మహానిఘంటువుకు ధనం సమకూర్చినదీ ఆయనే. 1936లో మొదటి సంపుటం వెలువడింది. ఈనాటికీ పాత కావ్యం చదువుతూ మాట దగ్గర ఆగిపోతే మనం తెరచేది 'సూర్యరాయాంధ్ర నిఘంటువు'నే. తండ్రి పేరు కోసం కోర్టులో నిలబెట్టబడిన బాలుని పేరు, ఒక భాషలోని మాటలన్నిటికీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే గ్రంథానికి పేరయింది. 1948 నాటి చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అన్నేళ్ళు పోరిన సంస్థానం పోయింది. 1964లో ఆయనా పోయాడు. నిఘంటువు మిగిలింది.

దీనినిబట్టి వీలునామా మంచిదయిందని అనబోను. దత్తుడు గెలిచి ఉంటే ఏమి చేసేవాడో ఎవరు చెప్పగలరు? నేను గ్రహించినది వేరు. వీలునామాకు ఉన్న బలం ఎంతటిదో, దాని చేతకానితనం కూడా అంతటిదే. అది ఆస్తికి దారి చూపుతుంది. ఎందుకట్లా వ్రాశావన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు అప్పటికి ఉండడు.

మా పల్లెలలో సంస్థానాలు లేవు. నాలుగెకరాల మామిడితోట, పామాయిలు చెట్లు, ఒక పెంకుటిల్లు. అయినా ప్రశ్నలు అవే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను ఉమ్మడి ఆస్తిలోని తన వాటాను సైతం వీలునామాతో ఇవ్వనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లోనూ, దేశమంతటికీ కేంద్రం 2005లోనూ కూతుళ్ళకు పుట్టుకతో హక్కు కల్పించాయి. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కర లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అంటే తండ్రి తన భాగాన్ని ఎవరికైనా వ్రాయవచ్చు. ఉమ్మడి ఆస్తిలో కూతురి భాగాన్ని వ్రాయలేడు. ఈ తేడా తెలియక 'అంతా కొడుకులకే' అని వ్రాయించిన కాగితాలు నేను కొన్ని చూశాను. తహసీలు దఫ్తరంలో పేరు మారినంత మాత్రాన హక్కు తేలదు, సివిల్ కోర్టు మిగిలే ఉంటుంది. అక్కడ ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రమే చాలవు. అనుమానాలుంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను నిలబెట్టదలచిన వానిదేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది.

అందుచేత నన్నడిగిన వారికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరికి ఎంత అన్నది వ్రాయండి. ఒకరికి తగ్గించినా, లేదన్నా, ఎందుకన్నది కూడా వ్రాయండి. వ్రాసినది పెట్టెలో దాచి పోవద్దు. పిల్లలను అందరినీ, ఆడపిల్లలతో సహా, కూర్చోబెట్టి బ్రతికి ఉండగా చెప్పండి. ఆ రోజు ఇంట్లో కేకలు పుడతాయి, ఎవరో అన్నం తినకుండా లేచిపోతారు. పుట్టనివ్వండి. అడిగిన దానికి జవాబు చెప్పడానికి ఆ రోజు మీరున్నారు.