ఒక్క జంపఖానా మీద మూడు సీమల సంగీతం

మన ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని ఉరుసు రాత్రి కవ్వాలీకి కూర్చున్నప్పుడు మనం పాట వింటామే తప్ప, ఆ వాద్యాలు ఎక్కడివని ఆలోచించము. జంపఖానా మీద కూర్చున్న ఆ ఏడెనిమిది మంది నడుమ ఎన్ని సీమలు కలిశాయో ఈ సందర్భంలో నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

తబలా, డోలక్ మన దేశపువి. గజల్ పోకడ పారశీకం నుండి వచ్చినది. హార్మోనియం ఐరోపాది. పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ 1842లో దానికి పేటెంటు పొందాడు. అది కాళ్లతో తొక్కే పెట్టె. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని చేతితో తిత్తి ఆడించేలా మార్చిన తర్వాతే నేల మీద కూర్చుని వాయించే వీలు కలిగింది.

ఇటువంటి కలయిక మన సీమకు కొత్త కాదు. 1568 ప్రాంతంలో ఆదోని కోట బిజాపూరు సుల్తానుల వశమై, చాలాకాలం వారి ఏలుబడిలో ఉండింది. వారిలో రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా (1580–1627) దక్కనీ భాషలో, మన రాగాలలో ‘కితాబె నౌరస్’ పాటలు కట్టారు. అందులో సరస్వతీదేవి స్తుతి ఉంది, గుల్బర్గా హజ్రత్ బందె నవాజ్ గారి స్తుతీ ఉంది. తమ తంబూరాకు ‘మోతీఖాన్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అయితే కలయిక అందరికీ రుచించలేదు. హార్మోనియం పరాయిదని, గమకాలు పలకవని 1940లో ఆలిండియా రేడియో దానిని మానిపించింది. 1971లోగాని ఆ ఆంక్ష సడలలేదు. గమకాల మాట అబద్ధం కాదు. దాని మెట్లు బిగించినవి, స్వరం జారదు. కాని కవ్వాలీ వారు ఆ లోపాన్ని ఎలా సర్దుకున్నారో చూడండి. జారుడు గొంతుకు వదిలేశారు. గాయకుడు ఊపిరి తీసుకునే సందును పెట్టె నింపుతుంది. డోలకూ చప్పట్లూ లయను పట్టి ఉంచుతాయి. ఎవరి పని వారిది. 1953 దాకా మనం బళ్లారి జిల్లా వాళ్లమే గదా, ఆ నాటకాల పద్యాలకు శ్రుతి పట్టినదీ ఈ పెట్టే.

నేడు మీట నొక్కితే పాట వస్తున్నది. దాని ప్రక్కన కూర్చుని నేర్చుకునేందుకు ఏమీ లేదు. కనుక పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఈసారి ఉరుసుకు పాడేవారిని పిలిచినప్పుడు, మన పిల్లలను ఇద్దరిని ఆ జంపఖానా చివర కూర్చోబెట్టండి. వాద్యం ఏ దేశానిదైనా నేర్చిన చేతికి సొంతమవుతుంది. నేర్వకపోతే మనదే మనకు పరాయిదవుతుంది.