షాలోమ్ – సలాం



తార్నాక చౌరస్తాలో నిలబడితే "సలాం" అనే పలకరింపు వినిపిస్తుంది. ప్రక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపించబడినది. ఉర్దూలోనికి ఈ మాట అరబ్బీ నుండి వచ్చింది. మన సంఘాలలో కొందరు "షాలోమ్" అంటారు. అది హెబ్రీ మాట. ఈ రెండింటికీ పొత్తు లేదనుకుంటాము. కాని ప్రియులారా, ఇవి ఒక తల్లి బిడ్డలు! హెబ్రీలో ష-ల-మ, అరబ్బీలో స-ల-మ: మూడు హల్లుల ఒకే ధాతువు. ప్రభువు మాట్లాడిన అరామిక్‌లో ఇదే "ష్లామా". మన సొలొమోను, వారి సులైమాన్ కూడా ఈ కుటుంబమే.

దీని అర్థం గొడవ లేకపోవడం మాత్రమే కాదు. లోటు లేకుండా సంపూర్ణంగా ఉండడం. నిర్గమకాండము 22వ అధ్యాయంలో, దొంగిలించినవాడు సొమ్ము తిరిగి చెల్లించాలన్నచోట హెబ్రీలో వాడిన క్రియ ఈ ధాతువు నుండి పుట్టినదే! అంటే, బాకీ తీరనిచోట షాలోమ్ లేదు. మన బైబిలులో దీనిని "సమాధానము" అన్నారు. వాడుకలో ఆ మాటకు జవాబు అని అర్థం. పొరుగువానికి జవాబు చెప్పుకోలేని మనకు సమాధానమెక్కడ?

తిరిగి లేచిన ప్రభువు శిష్యులకు సమాధానము పలికి, తన చేతులను, ప్రక్కను చూపించెను. అవి మన బాకీ తీర్చిన గుర్తులు.

సహోదరీ, సహోదరుడా, నీవు ఎవరికైనా అచ్చియున్నావా? సొమ్మైనా, క్షమాపణ అయినా ముందు చెల్లించు. తరువాత సలాం అన్నా, షాలోమ్ అన్నా ఆ మాట నిజమగును. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.