దంత అత్యవసర స్థితుల్లో ప్రథమ చికిత్స

పళ్లకు, చిగుళ్లకు, దవడకు దెబ్బ తగిలినప్పుడు గానీ, పంటి వేరు దగ్గర చీము పట్టి నొప్పి, వాపు ముదిరినప్పుడు గానీ దంతవైద్యుడి దగ్గరికి చేరేలోపు చేయవలసిన సహాయాన్ని దంత ప్రథమ చికిత్స అంటారు. ఊడిపడిన పన్ను, విరిగిన లేదా కదిలిన పన్ను, తీవ్రమైన పంటినొప్పి, ముఖం వాపు, పన్ను తీయించుకున్నాక ఆగని రక్తం, దవడ జారడం, క్యాపు ఊడటం తరచుగా ఎదురయ్యే స్థితులు. వీటిలో నొప్పిని బట్టి తొందరను లెక్కగట్టడానికి వీల్లేదు. రాత్రంతా నిద్రపట్టనివ్వని పిప్పిపన్ను సాధారణంగా తెల్లవారేదాకా ఆగగలదు. అంత నొప్పి లేకుండానే ఊడిపడిన పన్నుకు అరగంటే గడువు. ఒక్కోసారి పెద్దగా నొప్పి లేకుండానే గొంతువైపు దిగే వాపు ప్రాణం మీదికి తెస్తుంది.

మొదట చూడవలసినవి

ముఖానికి దెబ్బ తగిలిన మనిషిలో పళ్లకన్నా ముందు ఊపిరి, స్పృహ, తల గాయం చూడాలి. స్పృహ తప్పడం, వాంతులు, మగత, ముక్కు లేదా చెవి నుంచి రక్తం, పల్చని ద్రవం కారడం వంటివి ఉంటే పంటి సంగతి తరువాత. వెంటనే పెద్ద ఆస్పత్రికి తరలించాలి. నోట్లో రక్తం నిండుతుంటే వెల్లకిలా పడుకోబెట్టకూడదు. స్పృహలో ఉన్న మనిషిని ముందుకు వంచి కూర్చోబెట్టాలి. స్పృహలేని మనిషిని మెడ కదలకుండా ఒత్తిగిలి పడుకోబెడితే రక్తం గొంతులోకి పోదు. ఊడిన పన్ను గానీ, విరిగిన ముక్క గానీ ఎక్కడా కనబడకపోతే అది పెదవి గాయంలో ఇరుక్కుని ఉండవచ్చు, లేదా ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. ఆ సంగతి వైద్యుడికి చెప్పి ఎక్స్‌రే తీయించాలి.

ఊడిపడిన పన్ను

ఆటల్లో, సైకిలు మీంచి పడినప్పుడు, రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువగా ఊడేవి పై దవడలోని ముందు పళ్లు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో ఈ గాయం ఎక్కువ. ఆ వయసులో కొత్తగా వచ్చిన శాశ్వత దంతాల వేర్లు ఇంకా పూర్తిగా ఎదగవు, చుట్టూ ఉన్న ఎముక మెత్తగా ఉంటుంది.

పంటి వేరును దవడ ఎముకకు సన్నని నారపొర పట్టి ఉంచుతుంది. పన్ను ఊడినప్పుడు ఈ పొర చిరిగి, దానిలోని సజీవ కణాలు కొన్ని వేరుకే అంటుకుని మిగులుతాయి. అవి బతికి ఉండగా పన్నును గుంటలో పెడితే పొర మళ్లీ అతుక్కుంటుంది. గాలికి ఆరితే అవి చనిపోతాయి. అరగంట ఆరేసరికి చాలామటుకు పోతాయి, గంట దాటితే దాదాపు ఏవీ మిగలవు. అప్పుడు వేరు నేరుగా ఎముకతో కలిసిపోయి, కొన్నేళ్లలో ఆ ఎముకే వేరును కరిగించేస్తుంది. కోపెన్‌హేగన్‌లో పనిచేసిన దంతవైద్యుడు జెన్స్ ఓవె ఆండ్రియాసెన్, సహచరుడితో కలిసి 1966లో ప్రచురించిన 110 పళ్ల అధ్యయనం ఈ కాలపరిమితిని స్పష్టం చేసింది. అరగంటలోపు తిరిగి పెట్టిన పళ్లలో పదింట తొమ్మిదింటికి వేరు కరగలేదు. రెండు గంటలు దాటాక పెట్టినవాటిలో అత్యధిక భాగం కరిగిపోయాయి.

అంతర్జాతీయ దంత గాయాల వైద్య సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం శాశ్వత దంతం ఊడినప్పుడు, ప్రమాదం జరిగిన చోటే చేయవలసినవి ఇవి:

1. పన్నును వెతికి, బయటికి కనిపించే తెల్లని తలభాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. వేరును ముట్టుకోకూడదు.
2. మట్టి అంటి ఉంటే పాలతో గానీ, సెలైన్‌తో గానీ, గాయపడిన మనిషి ఉమ్మితో గానీ మెల్లగా కడగాలి. అవేవీ అందుబాటులో లేకపోతే పది సెకన్లకు మించకుండా కుళాయి నీటి కింద పట్టవచ్చు. రుద్దడం, గోకడం, సబ్బు, డెట్టాల్ వంటివి వాడటం కూడదు.
3. పక్క పళ్ల వరుసను చూసుకుంటూ, లోతుగా ఒంపు తిరిగిన వైపు నాలుకవైపు ఉండేలా గుంటలోకి నెమ్మదిగా నొక్కాలి.
4. మడతపెట్టిన శుభ్రమైన చేతిరుమాలు గానీ, గాజుగుడ్డ గానీ కొరికి పట్టుకోమని చెప్పి, అలాగే దంతవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

పాల పళ్లను మాత్రం ఎన్నడూ తిరిగి పెట్టకూడదు. కింద తయారవుతున్న శాశ్వత దంతపు మొగ్గ దెబ్బతింటుంది. స్పృహ సరిగా లేని మనిషికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారికి పన్ను తిరిగి పెట్టాలా వద్దా అన్న నిర్ణయాన్ని వైద్యుడికే వదలాలి.

పన్నును పెట్టే ధైర్యం చాలకపోతే, లేదా పెట్టడం కుదరకపోతే, దాన్ని ఆరనివ్వకుండా తీసుకెళ్లాలి. ఇందుకు ఇంట్లో దొరికే వాటిలో పాలే మేలు. పాలలోని లవణాల గాఢత శరీర ద్రవాలకు దగ్గరగా ఉంటుంది, ఆమ్లగుణం తక్కువ. స్వీడన్ పరిశోధకులు 1980 దశకం తొలి రోజుల్లోనే దీన్ని ప్రయోగాలతో చూపించారు. చల్లని ప్యాకెట్టు పాలు గానీ, కాచి చల్లార్చిన పాలు గానీ సరిపోతాయి. వేడి పాలు, పంచదార కలిపినవి, పెరుగు, మజ్జిగ పనికిరావు. పాలు లేకపోతే గాయపడిన మనిషి చేతనే గిన్నెలోకి ఉమ్మించి అందులో ఉంచవచ్చు. పెద్దవారైతే బుగ్గకు, చిగురుకు మధ్య పెట్టుకోవచ్చు గానీ చిన్నపిల్లలు మింగేసే ప్రమాదం ఉంది. మామూలు నీటిలో లవణాలు లేనందున కణాలు నీరు పీల్చి పగిలిపోతాయి. అయినా ఏమీ దొరకనప్పుడు, ఆరబెట్టడంకన్నా నీరే నయం. కాగితంలోనో, పొడి దూదిలోనో చుట్టి జేబులో వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డది. కొబ్బరినీళ్లు ఇందుకు పనికొస్తాయని చెన్నై పరిశోధకులు 2008లో ప్రతిపాదించారు. వాటి ఆమ్లగుణం వల్ల పాలకు సాటిరావని తరువాతి పరీక్షల్లో తేలింది.

దంతవైద్యుడు పన్నును సరిచేసి, వంగే గుణమున్న సన్నని తీగతో పక్క పళ్లకు కలిపి రెండు వారాలు కట్టు వేస్తారు. వేరు పూర్తిగా ఎదిగిన పన్నుకైతే రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఎదుగుతున్న వేరుకు రక్తప్రసరణ తిరిగి రావచ్చు కాబట్టి పిల్లల్లో కొంతకాలం వేచి చూస్తారు. యాంటీబయాటిక్, టెటనస్ ఇంజెక్షన్ అవసరమా అన్నదీ వైద్యుడే చూస్తారు. గంట దాటినా పన్నును పారేయకూడదు. అది ఎక్కువకాలం నిలవకపోయినా, ఎదిగే వయసులో దవడ ఎముక తగ్గిపోకుండా కొన్నేళ్లు కాపాడుతుంది.

కదిలిన, విరిగిన పళ్లు

దెబ్బకు పన్ను పక్కకు ఒరిగితే, లేదా కిందికి జారితే, వేలితో మెల్లగా వరుసలోకి తెచ్చి గుడ్డ కొరికి పట్టుకోవచ్చు. గట్టిగా ప్రతిఘటిస్తే బలవంతం చేయకూడదు. చిగురులోకి దిగిపోయి పొట్టిగా కనిపించే పన్నును బయటికి లాగే ప్రయత్నం అసలే వద్దు. ఇవన్నీ అదే రోజు చూపించవలసిన గాయాలు.

పన్ను విరిగితే నోరు గోరువెచ్చని నీటితో పుక్కిలించి, ముక్క దొరికితే నీటిలో గానీ, పాలలో గానీ వేసి తీసుకువెళ్లాలి. తడిగా ఉన్న ముక్కను చాలాసార్లు యథాతథంగా అతికించగలరు. విరిగిన చోట గులాబిరంగు చుక్క గానీ, రక్తపు చుక్క గానీ కనిపిస్తే లోపలి దంతమజ్జ, అంటే జనం నరం అని పిలిచేది, బయటపడిందని అర్థం. అప్పుడు ఆలస్యం లేకుండా చూపించాలి. అంచు మాత్రమే చిట్లి, నొప్పి లేకపోతే ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. పదునైన అంచు నాలుకను కోయకుండా మైనం గానీ, చక్కెర లేని చూయింగ్ గమ్ గానీ అద్దుకోవచ్చు.

పంటినొప్పి

పుచ్చు లోతుకు వెళ్లి దంతమజ్జను చేరినప్పుడు అక్కడ వాపు వస్తుంది. చుట్టూ గట్టి గోడలే ఉన్నందున ఆ వాపుకు చోటు దొరక్క నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పడుకున్నప్పుడు తలకు రక్తం ఎక్కువగా చేరి నొప్పి మరింత ఉధృతమవుతుంది. రాత్రిపూట తలగడ ఎత్తు పెంచితే కొంత ఉపశమనం కలగడానికి కారణం ఇదే.

గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపి పుక్కిలించాలి. పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఆహారాన్ని దంత దారంతో తీయాలి. గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల వాడకూడదు. బుగ్గ మీద బయటినుంచి గుడ్డలో చుట్టిన మంచు పెట్టవచ్చు. వేడి కాపడం పెడితే చీము, వాపు మరింత వ్యాపించవచ్చు.

మందుల్లో పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పంటినొప్పికి బాగా పనిచేస్తాయి. పెద్దవారికి ఈ రెండూ కలిపి ఇస్తే ఒక్కోటిగా ఇచ్చినదానికన్నా ఎక్కువ ఉపశమనం లభిస్తుంది. పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆరు మించకూడదు. కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి అంతకన్నా తక్కువే ఇవ్వాలి. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాముల చొప్పున, ఏదైనా తిన్నాక, వైద్యుడి సలహా లేకుండా రోజుకు మూడుకు మించకుండా తీసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, డెంగ్యూ అనుమానం ఉన్నవారు దీన్ని వాడకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. యాంటీబయాటిక్ మాత్రలు పుచ్చుపన్ను నొప్పిని తగ్గించవు. రూట్ కెనాల్ చేయడమో, పన్ను తీయడమో జరగనిదే మూలకారణం పోదు.

పుచ్చు ఏదీ లేకుండా, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో కింది దవడలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గితే అది గుండెపోటుకు ముందస్తు సూచన కావచ్చు. చెమటలు, ఆయాసం తోడైతే పంటివైద్యుడి దగ్గరికి కాదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇంటి వైద్యాలు

లవంగంలోని యూజెనాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు తాత్కాలిక సిమెంటులో కలిపేదీ అదే. ఒకటి రెండు చుక్కల లవంగ నూనెను దూదితో పుచ్చు గుంటలో మాత్రమే అద్దాలి. చిగురుకు తగిలితే మంట, పుండ్లు వస్తాయి. పసిపిల్లలు మింగితే ప్రమాదం కాబట్టి వారికి వాడకూడదు. నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ మాత్ర ఒత్తిపెట్టడం వల్ల చిగురు తెల్లగా కాలిపోతుంది. జిల్లేడు పాలు నోటి పొరను కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. పొగాకు, నశ్యం అద్దడం నొప్పిని కాసేపు మరిపించి అలవాటుగా మిగులుతుంది.

ముఖం వాపు

పంటి వేరు దగ్గర పుట్టిన చీము దవడ ఎముకను దాటితే బుగ్గలోకి, కంటివైపుకు, గొంతువైపుకు పాకగలదు. కింది దవడ పళ్ల నుంచి నాలుక కిందికి రెండు వైపులా వ్యాపించే వాపును జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ ఫాన్ లుడ్‌విగ్ 1836లో వర్ణించారు. ఆయన పేరుతోనే పిలిచే ఈ జబ్బులో నాలుక పైకి, వెనక్కి నెట్టుకుపోయి శ్వాసమార్గం మూసుకుపోతుంది.

నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోకపోవడం, మింగలేక లాలాజలం కారడం, మాట ముద్దగా రావడం, గడ్డం కింద గట్టి వాపు, కన్ను మూసుకుపోవడం, జ్వరంతో వణుకు, ఊపిరి ఆడకపోవడం ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకువెళ్లాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉచితం. చక్కెర వ్యాధి ఉన్నవారిలో చీము త్వరగా వ్యాపిస్తుంది. చీముగడ్డను ఇంట్లో సూదితో పొడవడం మరింత ప్రమాదం.

పన్ను తీయించాక రక్తం

పన్ను తీసిన రోజు ఉమ్మిలో ఎర్రని జీర కనిపించడం మామూలే. ధారగా కారితే తడిపి పిండిన గాజుగుడ్డను మడిచి గుంట మీద పెట్టి, కదపకుండా 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. గాజుగుడ్డ లేకపోతే తడిపిన టీ బ్యాగు పనికొస్తుంది. 24 గంటలపాటు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, పొగతాగడం మానాలి. రెండుసార్లు ఇలా చేసినా ఆగకపోతే, లేదా క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు వాడుతుంటే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ మందులను సొంతంగా ఆపకూడదు. రెండు మూడు రోజుల తరువాత గుంటలో తీవ్రమైన నొప్పి, దుర్వాసన మొదలైతే రక్తపు గడ్డ ముందే ఊడి ఎముక బయటపడిందని అర్థం. వైద్యుడు గుంట కడిగి మందు పెడితే తగ్గుతుంది.

దవడ, క్యాపు

ఆవలింతతో తెరిచిన నోరు మూతపడకపోతే దవడ కీలు జారినట్టు. బలవంతంగా మూయకుండా గడ్డానికి ఆసరాగా గుడ్డ పట్టి ఆస్పత్రికి వెళ్లాలి. పళ్ల వరుస హఠాత్తుగా కలవకపోతే, కింది పెదవి మొద్దుబారితే దవడ విరిగి ఉండవచ్చు. ఊడిన క్యాపును శుభ్రం చేసి భద్రపరచాలి. మందుల దుకాణంలో దొరికే తాత్కాలిక సిమెంటుతో పెట్టుకోవచ్చు. ఇంట్లో వాడే జిగురు ఎన్నడూ వాడకూడదు.

నివారణ

పుచ్చు మొదట్లోనే పూడ్పించుకుంటే పంటినొప్పులు, చీముగడ్డలు చాలావరకు రావు. హాకీ, బాక్సింగ్, కబడ్డీ వంటి ఆటల్లో పళ్లకు రక్షక తొడుగు వాడాలి. ద్విచక్ర వాహనం మీద తలను మాత్రమే కప్పే సగం హెల్మెట్ గడ్డాన్ని కాపాడదు, ముఖమంతా కప్పేది దవడను కూడా కాపాడుతుంది. ముందు పళ్లు బాగా ఎత్తుగా ఉన్న పిల్లల్లో దెబ్బల ప్రమాదం ఎక్కువ కాబట్టి వాటిని సకాలంలో సరిచేయించడం మంచిది. ప్రథమ చికిత్స పెట్టెలో గాజుగుడ్డ, సెలైన్ సీసా, మూతగల చిన్న డబ్బా ఉంచాలి. బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులకు, ఆయాలకు ఊడిన పన్నును ఏం చేయాలో ముందే నేర్పాలి. హైదరాబాదు, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఈ చికిత్సలు తక్కువ ఖర్చుతో అందుతాయి.